పేరు చెప్పని ప్రార్థన మనవి

జూలై 7, ఆదివారం

మా అక్క రజిత నాలుగు గోడల మధ్య ఏడ్చి చెప్పుకున్న మాటను పాస్టర్ ఆర్థర్ గారు ఈ ఉదయం మైకులో చెప్పారు. ఇది ద్రోహం. చేసినవాడు ఆర్థర్. చేసిన చోటు యాప్రాల్‌లో మా సంఘం. సాక్షులు సంఘం మొత్తం. అందరూ కళ్ళు మూసుకొని ఉన్నారు కాబట్టి చెవిసాక్షులు అనాలి.

ఆయన పద్ధతి అందరికీ తెలిసిందే. ప్రార్థన మనవులు చదివేటప్పుడు పేరు చెప్పరు. పేరు తప్ప అన్నీ చెప్తారు.

"మన మధ్యనే ఉన్న ఒక సహోదరి. పేరు చెప్పను. గాయక బృందంలో ఆల్టో పాడుతుంది. భర్త మిలిటరీలో, దూరాన ఉన్నాడు. మార్చి నెలలో, ఏడో నెల కడుపుతో ఉండి బిడ్డను పోగొట్టుకుంది. దేవుని మీద అలిగింది. అప్పటి నుంచి పాడడం లేదు, ప్రార్థించడం లేదు. పెదవులు మాత్రం ఆడిస్తోంది. మన సలహా కేంద్రంలో తానే ఒప్పుకుంది. ప్రభువు ఆ పెదవులను ముట్టునట్లు ప్రార్థన చేద్దాం."

మా గాయక బృందంలో ఆల్టో, అంటే ఆడవాళ్ళ మంద్ర స్వరం, పాడేవాళ్ళు ముగ్గురు. ఒకావిడకు మనవళ్ళున్నారు. ఒకమ్మాయికి పెళ్ళి కాలేదు.

ప్రార్థన అయ్యాక పాట. సంఘమంతా పాటల పుస్తకాలు వదిలేసి మా అక్క మూతి వంక చూసింది. అక్క మొదటి చరణం వరకూ పెదవులు ఆడించింది. రెండో చరణంలో మూసేసింది. పాట అయ్యేవరకూ అలాగే నిలబడింది.

ఇంటికొచ్చాక నాన్న చెయ్యి కడుక్కుని కోడికూర ముందు కూర్చొని, "ఆయన పేరైతే చెప్పలే గదరా" అన్నారు. మా నాన్న సామ్యూల్ గారు సంఘ పెద్ద. సంఘ పెద్ద అంటే పాస్టరుగారు తప్పు చేసినప్పుడు ముక్క కొరుకుతూ ఆలోచించేవాడు.

మార్చి తరువాత అక్క మాతో మాట్లాడింది లేదు. జబల్‌పూర్ నుంచి బావ ఫోన్ చేస్తే చెవి దగ్గర పెట్టుకొని ఊరికే వినేది. ఆర్థర్ గారు 'ఆత్మ–మనసు సమన్వయ సలహా కేంద్రం' అని పెట్టాక, గురువారం గురువారం సైనిక్‌పురి నుంచి వచ్చే కౌన్సెలర్ యామిని మేడం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాకే మనిషి కదిలింది. పోయిన వారం నా కొత్త చొక్కా చూసి నవ్వింది కూడా. ఈ రోజు మంచం మీద గోడ వైపు తిరిగి, "ఇంక గురువారం నేను పోను" అంది. గురువారం పోకపోతే మళ్ళీ మార్చే.

ఆ కేంద్రం కరపత్రం మా షాపులోనే అచ్చయింది. 'దేవుని వాక్యమూ మనస్తత్వ శాస్త్రమూ ఒకే గదిలో' అన్న వాక్యం అక్షరాలు కూర్చింది నేనే. చదివి నమ్మాను. అక్కను బండి మీద తీసుకెళ్ళిందీ నేనే. అది వేరే సంగతి.

జూలై 8, సోమవారం

అక్క మంచం దిగలేదు.

షాపులో ఈ రోజు అచ్చయినవి: మొలలకు ఆపరేషన్ లేని వైద్యం, కాంట్రాక్టు కార్మికుల ధర్నా, వినియోగదారుల హక్కుల సదస్సు. మా యజమాని పర్వతాలు అంటాడు, "నువ్వు అచ్చేసుడు తక్కువ, చదువుడు ఎక్కువ" అని. నిజమే. డిగ్రీలో నాకు వంటబట్టింది ఏమీ లేదు. నేరేడ్‌మెట్ చౌరస్తాలో ఈ షాపు నాకు విశ్వవిద్యాలయం. ఈ రోజు పాఠం: 'మోసపోయిన వినియోగదారుడు మౌనంగా ఉంటే మోసగాడికి బలం.'

రేపు ఆర్థర్ గారి దగ్గరికి పోతాను.

జూలై 9, మంగళవారం

పోయాను. నిలదీశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సలహా కేంద్రం అంటే మందిరం పక్కన సండేస్కూలు గది. ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు చేశారు. ఇటు పక్క సోఫా, కాగితపు రుమాళ్ళ డబ్బా, గోడ మీద ఆయన వారాంతాల్లో చదివి తెచ్చుకున్న డిప్లొమా. పద్ధతి ఏమిటంటే, మొదట యామిని మేడం ముప్పావుగంట వింటుంది. తరువాత ఆవిడ బయటికి, పాస్టరుగారు లోపలికి. "ఏ విషయమై ప్రార్థించమంటావు?" అని అడుగుతారు. అక్కడికి వచ్చేసరికి మనిషి ఎలాగూ మెత్తబడి ఉంటుంది. అంతా చెప్పేస్తుంది. సమన్వయం అంటే ఇదన్నమాట. ఆవిడ తాళం తీస్తుంది, ఈయన సామాను పట్టుకుపోతాడు.

"పాస్టర్‌గారూ, మా అక్క విషయం మైకులో ఎందుకు చెప్పారు?"

ఆయన సోఫాలో ముందుకు వంగి, రెండు చేతులూ జోడించుకొని, నా కళ్ళలోకి చూశారు. "షాలేమ్, నీకు కోపంగా ఉన్నట్టు నాకు వినిపిస్తోంది."

"కోపంగానే ఉంది!"

"చాలా కోపంగా ఉన్నట్టు వినిపిస్తోంది."

"మీరు చేసింది తప్పు అంటున్నాను."

"నేను తప్పు చేశానని నీకు అనిపిస్తోంది."

"అనిపించడం కాదు! చేశారు!"

"ఊఁ. ఆ అనిపించడం నీ శరీరంలో ఎక్కడ తెలుస్తోంది? గుండెలోనా, కడుపులోనా?"

కడుపులోనే తెలుస్తోంది. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

"మీరు పేరు చెప్పలేదంటారు. ఆల్టోలో ఇంకెవరున్నారు, ఆ మనవళ్ళావిడకా ఏడో నెల?"

అప్పుడు కొంచెం మామూలు మనిషిలా మాట్లాడారు. జనగామ అవతల వాళ్ళ ఊరట. చిన్నప్పుడు వాళ్ళమ్మ మనవి చెప్పుకునేదట, "ఇంట్ల బియ్యం లేవు, ప్రార్థన చేయున్రి" అని. సాయంత్రానికి ఎవరో ఒకరు గుమ్మంలో బియ్యం పెట్టి పోయేవారట. "మనవి చెప్పుకుంటేనే మా పొయ్యి వెలిగేది నాయనా. కష్టం దాచిపెట్టిన ఇంటికి ఎవరు వస్తారు? సంఘం అంటే ఒక శరీరం గదా. శరీరంలో రహస్యం ఏముంటది?"

శరీరంలో ఎన్ని రహస్యాలుంటాయో నాకు తెలుసు, మొలల కరపత్రం నిన్ననే వేశాను. ఆ జవాబు నాకు గేటు దాటాక తోచింది.

చివరికి నా భుజం మీద చెయ్యేసి నా కోపం కోసం ప్రార్థించారు. బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తుంటే గుర్తొచ్చింది, నేను ఆమేన్ కూడా అన్నానని.

జూలై 10, బుధవారం

స్త్రీల సమాజం మా ఇంటికి వచ్చింది. సువార్తమ్మ ఆంటీ నాయకత్వం. అరటిపండ్లు, ప్రార్థించిన నూనె సీసా. ఆరుగురు ఒకేసారి చెప్పులు విప్పితే మా గుమ్మం కనబడలేదు.

"ఏం వదినా, బిడ్డ పెదవులే ఆడిస్తున్నదంట గదా?" అని సువార్తమ్మ ఆంటీ మా అమ్మనడిగింది. "నాకు అప్పుడే డౌటొచ్చింది. గా క్రిస్మస్ పాటలో సుత ఈమె గొంతు నాకు ఇనపడలే."

"క్రిస్మస్‌కు మంచిగనే పాడింది. బిడ్డ పోయింది మార్చిల" అంది అమ్మ.

"అయితె అది వేరే ఎవరో. సరే, గిది ట్రామా వదినా. ట్రామా అంటే ఏందనుకున్నవ్? లోపటి దెబ్బ. లోపటి దెబ్బకు లోపటి నూనె. జెర గొంతుకు రాయి."

వెనకావిడ అందుకుంది: "మా మరదలు సుత గిట్లనే డిప్రెషన్ల పడ్డది అక్కా. ఉపవాసం పెట్టిచ్చినం. ఇప్పుడు మంచిగ తింటున్నది."

అక్క వాళ్ళ చెప్పుల చప్పుడు వినగానే బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంది. కుళాయి తిప్పి వదిలింది. వాళ్ళు రెండు పాటలు పాడి, ఒక్కొక్కరూ ఒక్కో ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళేసరికి డాబా మీద ట్యాంకు ఖాళీ.

అమ్మ అరటిపండ్లు పక్కింటి గేదెకు పెట్టించింది. నూనె సీసా వైపు చాలాసేపు చూసి అలమరలో పెట్టింది. పారేయడానికి భయం, వాడడానికి భయం.

జూలై 11, గురువారం

అక్క పోలేదు. ఆ గంటకు నేను పోయాను.

యామిని మేడం భీమవరం వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది. ప్రపంచం తగలబడుతున్నా 'అండీ' అంటుంది.

"మీ అక్కగారి విషయం నేను మీతో మాట్లాడకూడదండి."

"సంఘమంతా మాట్లాడుతోంది మేడం! మీరొక్కరే మాట్లాడకూడదా?"

"అవునండి. నేనొక్కదాన్నయినా."

"ఆయనకు చెప్పింది మీరేనా?"

"కాదండి. చివరి పావుగంట ప్రార్థనకు నేను బయటికి వెళతాను. ప్రార్థన ఆవిడే కావాలన్నారు. చాలామందికి కావాలి, మంచిదే. దేవుడి మీద కోపం దేవుడి ముందే చెప్పుకోవాలనుకుంటారు, దాన్ని నేను ఎందుకు కాదంటాను? కానీ ఆవిడ ఒప్పుకున్నది ప్రార్థనకండి, ప్రకటనకు కాదు. ఆ మాట పాస్టరుగారితో చెప్పాను. మళ్ళీ చెప్తాను."

"చెప్తే వింటారా? నేను కరపత్రం వేస్తున్నాను. పేపరు మీద పెడితేనే వీళ్ళకు తెలుస్తుంది."

ఆవిడ నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "మీ అక్కగారిని అడిగారా?"

"న్యాయం కోసం పోరాడడానికి పర్మిషన్ ఎందుకండీ?"

ఆవిడ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆర్థర్ గారిలా 'ఊఁ' కూడా అనలేదు. చదువుకున్నవాళ్ళలో ఉద్యమ స్ఫూర్తి చచ్చిపోయింది.

జూలై 12, శుక్రవారం

రాశాను. ఒక్క బిగిన. శీర్షిక: మనసును మైకుకు అమ్మిన కాపరి!

కొంత ఇక్కడ ఎక్కించి పెట్టుకుంటున్నాను, రేపు చరిత్రకు పనికొస్తుంది:

'యాప్రాల్ విశ్వాసులారా, ఆలోచించండి! గాయక బృందంలో ఆల్టో పాడే ఒక సహోదరి. దేశ సరిహద్దు కోసం భర్తను పంపిన ఒక వీర వనిత. ఏడో నెలలో గర్భశోకం అనుభవించిన ఒక తల్లి. రాత్రుళ్ళు నిద్ర లేక, ఖాళీ ఊయల వైపు చూస్తూ, ప్రార్థించలేక కేవలం పెదవులు కదిపిన ఆ అభాగ్యురాలి రహస్యాన్ని బజారున పెట్టిన ఆర్థర్‌ను నిలదీయండి!'

పేరు రాయలేదు. నేను ఆర్థర్‌ని కాను.

బావ పనిచేసేది జబల్‌పూర్ మిలిటరీ స్టోర్సులో, సరిహద్దులో కాదు. కానీ 'స్టోర్సు కోసం భర్తను పంపిన' అని రాస్తే ఆవేశం రాదు. ఊయల సంగతి ఆర్థర్ గారికి తెలియదు, ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుసు. అందుకే అందులో బలం ఉంది.

పర్వతాలు అచ్చు ప్లేటు చేసేముందు చదివాడు. బొట్టు సర్దుకుంటూ, "మంచిగ రాసినవ్. మీ అక్కదే గదా ఇది?" అన్నాడు.

"పేరెక్కడుంది అందులో?"

"పేరు లేదు. పేరొక్కటే లేదు. ఇంటి నంబరు సుత ఏస్తే పోస్టుమ్యాన్‌కు ఆసాన్ అయితుండె."

పర్వతాలు విశ్వాసి కాదు. ప్రతీకాత్మకంగా చెప్పడం అంటే ఏమిటో అతనికి తెలియదు.

జూలై 14, ఆదివారం

విజయం. ఆరాధన మొదలుకాకముందే గేటు దగ్గర నిలబడి అందరి చేతుల్లో పెట్టాను. మిగిలినవి బస్టాపులో, పాల బూత్‌లో, జిరాక్సు షాపులో. జనం చదివారు. నిలబడి చదివారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అక్షరానికి ఉన్న శక్తి ఇది.

అక్క మందిరానికి రాలేదు. ఒంట్లో బాగాలేదని అమ్మ చెప్పింది.

ఆర్థర్ గారు కరపత్రం బైబిల్లో పెట్టుకొని ప్రసంగ వేదిక ఎక్కారు. వణుకుతారనుకున్నాను. ప్రార్థన మనవుల దగ్గర ఆగి, కళ్ళు మూసుకొని మొదలుపెట్టారు:

"మన మధ్యనే ఉన్న ఒక యవ్వనస్థుడు. పేరు చెప్పను. నేరేడ్‌మెట్‌లో ఒక ప్రింటింగు షాపులో పని చేస్తాడు. తండ్రి సంఘ పెద్ద. చదువు అయిపోయి ఏళ్ళయినా మంచి ఉద్యోగం దొరకక, లోపల గాయపడి ఉన్నాడు. ఆ గాయమే కోపమై బయటికి వస్తోంది. ఆ కోపం తన కడుపులో మండుతోందని అతని ముఖమే చెప్పింది. ప్రభువు ఆ బిడ్డను ముట్టునట్లు…"

నూరు కళ్ళు తెరుచుకుని నా కడుపు వైపు చూశాయి.

నా ఉద్యోగం సంగతి మైకులో చెప్పడానికి ఈయనెవరు? నా లోపలి సంగతి నాది! నన్ను అడిగాడా? ఒక్కమాట అడిగాడా? ఇలాంటి మనుషులు ఎదుటివాడికి ఒక మనసుంటుందని ఎప్పుడు తెలుసుకుంటారు?

సువార్తమ్మ ఆంటీ బయట నా వీపు నిమిరి, "మా తమ్ముడు ఈసీఐఎల్ దిక్కు సెక్యూరిటీ సూపర్‌వైజర్ బిడ్డా, అడుగుత తీయ్" అంది.

జూలై 15, సోమవారం

అక్క కరపత్రం చదివింది. పాల ప్యాకెట్లతో పాటు వచ్చిందట.

జూలై 16, మంగళవారం

అక్క మంచం దిగింది.

ఊయల మడిచి అటక మీద పెట్టింది. అమ్మ నిచ్చెన పట్టుకుంది. నేను పట్టుకుంటానంటే వద్దంది.

జూలై 17, బుధవారం

మిగిలిన కట్ట పర్వతాలు పాత కాగితాల రద్దీకి వేశాడు. సాయంత్రం చౌరస్తాలో రాములు బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తీసుకున్నాను. రాములు నూనె కారుతున్న పొట్లం నా చేతికిస్తూ, "మీ అక్కకు ఎట్లున్నది తమ్మీ ఇప్పుడు? నిద్ర పడుతున్నదా?" అన్నాడు. మంచి మనిషి. మా మందిరం గడప కూడా ఎక్కని మనిషి.

పొట్లం విప్పాను. 'ఖాళీ ఊయల వైపు చూస్తూ' అన్న చోట నూనె మరక.

బజ్జీల్లో ఉప్పు ఎక్కువైంది. పారేశాను. పొట్లం మాత్రం జేబులో పెట్టుకొచ్చాను. ఎందుకో తెలియదు. ఎక్కడ పారేసినా ఎవరో ఒకరు చదువుతారనిపించింది.

జూలై 18, గురువారం

ఉదయం నేను పళ్ళు తోముకుంటుంటే అక్క పెరట్లోకి వచ్చింది.

"రేయ్, జెర ఇటు కూసో."

నురగతోనే కూర్చున్నాను.

"పాస్టర్‌గారు పేరు చెప్పలే. నువ్వు పేరు రాయలే. ఇద్దరు పెద్దమనుషులే. నా పేరొక్కటి మంచిగ దాచిపెట్టి మిగతాదంత పంచిన్రు."

"అక్కా, నేను నీ కోసమే—"

"ఆయన సుత నా కోసమే అన్నడు."

"ఆయన వేరు! నేను ఆయన చేసిన అన్యాయాన్ని—"

"నన్ను అడిగినవా?"

"న్యాయం అనేది ఒకరిని అడిగి—"

"అడిగినవా, లేదా?"

"లేదు."

"ఆ. 'అడగలే' అని గా ఒక్క మాట అచ్చేసి పంచితే అయిపోతుండె. ఇంత కాయితం దండగ చేసినవ్."

నేను నోరు కడుక్కున్నాను. అక్క బట్టలుతికే బండ మీద కూర్చుంది.

"బిడ్డకు నేను పేరు పెట్టుకున్న" అంది. "మీ బావకు సుత చెప్పలే. యామిని మేడం అడగలే. ఏం పేరు, ఎందుకు పెట్టినవ్, ఏం అడగలే. ఊరికే కూసున్నది. అందుకే ఆమె దగ్గరికి పోబుద్ధయితుండె. ఇప్పుడు నాకు మిగిలింది గదొక్కటే, గా పేరు. ఊయల సుత రాసేస్తివి."

ఆ పేరేమిటని నా నోటి చివరికి వచ్చింది. అడగలేదు.

"లే. బండి తీయ్. ఇయ్యాల గురువారమే గదా?"

"పోతావా? చివర్లో ఆయన వచ్చి ఏ విషయమై ప్రార్థించాలని అడిగితే?"

"వానల కోసం చేయమంట."

వరండాలో కూర్చున్నాను. పోయిన నెల ఈ కుర్చీల్లో చోటుండేది కాదు. ఈ రోజు నేనూ, ఒక పిల్లీ. యామిని మేడం బయటికి వచ్చి ఖాళీ కుర్చీల వైపు చూసి, "ఇంకెవరూ లేరాండీ?" అంది. ఈ నెలాఖరుతో కేంద్రం మూస్తారట. భయపడి ఎవరూ రావడం లేదు. అక్కకు ఇంకొక్క గురువారమే మిగిలింది.

ప్లైవుడ్ అవతల ఆర్థర్ గారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. తరువాత మొదలుపెట్టారు. "ప్రభువా… వానల కొరకు…" పావుగంట వానల కోసమే ప్రార్థించారు. బయట అప్పటికే కుండపోత.

దారిలో తడుస్తూ అక్కకు కేంద్రం సంగతి చెప్పాను. "మేడం చెప్పింది" అంది. ఇంటి దగ్గర దిగి, "మన డాబా మీద ఎందరు పడతరు?" అని అడిగింది.

జూలై 21, ఆదివారం

జేబులో ఆర్థర్ గారి మీద కొత్తగా రాసిన రెండో కరపత్రం పెట్టుకొని మందిరానికి పోయాను. తీయలేదు. అందుకు కారణం రాస్తున్నాను.

అక్క వచ్చింది. గాయక బృందంలో తన చోట నిలబడింది. పాటలకు పెదవులు ఆడించింది, దాచకుండా. చూసేవాళ్ళను తిరిగి చూసింది. వాళ్ళే పుస్తకాల్లో తలదూర్చారు.

ప్రార్థన మనవులు వచ్చాయి.

"ఒక సహోదరుడు," అన్నారు ఆర్థర్ గారు, "పేరు చెప్పను. ఆటో నడుపుతాడు—"

వెనక వరసలో ఒకాయన తల బల్ల మీదికి వంగిపోయింది. ఎవరో రాయను.

"పాస్టర్‌గారూ, ఆగున్రి."

అక్క వరస దాటి నడిచి వచ్చి మైకు తీసుకుంది. నాన్న సగం లేచారు. అలాగే సగంలో ఉండిపోయారు.

"అందరికి వందనాలు. ఆల్టో పాడే ఆ సహోదరి నేనే. నా పేరు రజిత. పేరొక్కటే తక్కువుండె, ఇప్పుడు మనవి పూర్తయింది."

సండేస్కూలు పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"పెదవులు ఆడిస్తున్న మాట నిజమే. ఇంకొన్నాళ్ళు ఆడిస్త. దేవునికి నాకు లొల్లి ఉన్నది. అది ఆయనా నేనూ తేల్చుకుంటం. ఆయనకు చెవులున్నయ్. మైకు అక్కర్లేదు."

"రజితా," అన్నారు ఆర్థర్ గారు మెల్లగా, "నీకు బాధ కలిగినట్టు నాకు వినిపిస్తోంది."

"ఔ పాస్టర్‌గారూ. మంచిగ ఇనపడ్డది మీకు. బాధనే."

ఆయన మైకు లేని చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు గుండీ పట్టుకున్నారు. చివరికి, "మా ఊళ్ళో మనవి చెప్తేనే…" అన్నారు.

"తెల్సు. మా తమ్ముడు చెప్పిండు. ఎవరింట్ల బియ్యం లేకపోతే మైకుల చెప్పున్రి, నేనే మోసుకపోత. బియ్యానికి చెప్పొచ్చు. దీనికి చెప్పొద్దు. చెప్పుకోబుద్ధయితే చెప్పుకునేటోళ్ళే చెప్పుకోవాలె."

సువార్తమ్మ ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో ఆశ్చర్యమో.

"ఇన్నేండ్లల్ల ఇక్కడ పేరు చెప్పకుంట ఎవరెవరి సంగతి చెప్పిన్రో మీకు తెల్సు, నాకు తెల్సు. నేను చెప్ప. కేంద్రం మూసేస్తరంట. మూయనీయున్రి. మా డాబా ఉన్నది. యామిని మేడం వస్తనన్నరు. మాట్లాడేటోళ్ళు మాట్లాడొచ్చు, ఊకుండేటోళ్ళు ఊకుండొచ్చు. చివరికి ప్రార్థన ఉంటది, ఎవరి నోట్ల వాళ్ళకే."

మైకు ఆయన చేతికి ఇచ్చేసింది.

ఆర్థర్ గారు దాన్ని స్టాండుకు పెట్టబోయి, ఆగి, మీట నొక్కి ఆపారు. మైకు లేని ఆయన గొంతు ఇంత చిన్నదని నాకు ఇవాళే తెలిసింది. "నేను సుత రావొచ్చునా అమ్మా?"

"రాన్రి. వచ్చి ఊకె కూసోవాలె కానీ."

చప్పట్లు కొడదామని చేతులెత్తాను. అమ్మ నా మణికట్టు పట్టుకొని కిందికి దించింది. ఆటో ఆయన తల పైకెత్తి, ముఖం తుడుచుకొని, పాటల పుస్తకం తెరిచాడు.

జూలై 22, సోమవారం

అక్క షాపుకు వచ్చింది. మార్చి తరువాత చౌరస్తా దాకా రావడం ఇదే మొదలు. నా పక్కన స్టూలు వేసుకొని కూర్చొని, "రాయి" అంది.

నేను రాసింది: 'గాయపడ్డ గుండెలారా! మౌనపు సంకెళ్ళు తెంచుకొని—'

"కొట్టెయ్."

"ఎందుకక్కా?"

"వచ్చేటోళ్ళంత గాయపడ్డోళ్ళని బోర్డు కడుతున్నవా? మెట్లెక్కుతుంటే సందుల ఉన్నోళ్ళంత చూడరా?"

కొట్టేశాను. 'మైకు నియంతృత్వానికి వ్యతిరేకంగా' అని మొదలుపెట్టాను. నా వైపు చూసింది. అదీ కొట్టేశాను. 'ఆత్మ–మనసు' అని రాశాను. "ఏం ఆత్మ, ఏం మనసు? టైము రాయి" అంది. ఆశ్చర్యార్థకం ఒక్కటైనా ఉంచుతానన్నాను. వద్దంది.

పర్వతాలు తెర మీద చూసి ముఖం చిట్లించాడు. "గింతేనా? కింద జాగంత ఖాళీ ఉన్నది. పావురం బొమ్మ ఏస్తా, ఫ్రీ."

"వద్దన్నా" అంది అక్క. "ఖాళీ ఉండనీ."

అచ్చుకు పోయింది ఇది:

శనివారం సాయంత్రం అయిదున్నరకు
యాప్రాల్, నీళ్ళ ట్యాంకు పక్క సందులో, సామ్యూల్ గారి డాబా మీదికి రండి.
వాన వస్తే కింద గదిలో కూర్చుందాం.
ఎందుకు వచ్చారని ఎవరూ అడగరు.